బజారును నిలదీసిన పాటను బజారులో పెడుతున్నవారికి బహిరంగ లేఖ

పాటలు విడుదల చేసే ఆడియో కంపెనీలకు, యూట్యూబ్ ఛానెళ్ల యజమానులకు, వాణిజ్య ప్రకటనలు తీసే సంస్థలకు, సభలకూ ఉత్సవాలకూ కళాబృందాలను పిలిచే అధికారులకు

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారం. మా పాట ఊరు దాటి పోవడంలో మీ చేయి ఉంది. ఆ మాట కాదనం. కానీ ఈ విషయం మీద విడివిడిగా పెట్టుకున్న వినతులకు జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు నలుగురి ఎదుటా రాస్తున్నాం.

మేము పాటలు కట్టేవాళ్లం, పాడేవాళ్లం, వంత పలికేవాళ్లం, డప్పు కొట్టేవాళ్లం. మా అభ్యంతరం ఒక్కటే. సరుకునూ ధరనూ అప్పునూ ప్రశ్నించడానికి కట్టిన పాటలోంచి ఆ ప్రశ్నను కోసేసి, మిగిలిన బాణీని మరో సరుకుగా అమ్ముతున్నారు. కొందరు తెలిసి చేస్తున్నారు, కొందరు తెలియక చేస్తున్నారు. తెలియక చేస్తున్నవారి కోసం కొంచెం వివరంగా చెబుతాం.

తెలుగులో ఈ తోవ పాటకు వందేళ్ల చరిత్ర ఉంది. సహాయ నిరాకరణ రోజుల్లో గరిమెళ్ల సత్యనారాయణ తెల్లదొరతనం మాకొద్దని పాడి జైలుకు వెళ్లారు. ఆయన పాట స్వరాజ్యమనే పెద్దమాట దగ్గరే ఆగలేదు. ఉప్పు ముట్టుకోనివ్వని చట్టాన్నీ, కల్లు సారాయి అమ్మి ఇల్లాలి పుస్తెల దాకా వచ్చిన వ్యాపారాన్నీ పేరు పెట్టి అడిగింది. డెబ్బై ఏళ్ల తర్వాత అదే సారా మీద నెల్లూరు జిల్లాలో మళ్లీ గొంతులు లేచాయి. 1980ల్లో 'వారుణి వాహిని' పేరుతో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లకెక్కించింది. జేబులో పట్టే కొలత, ఆ పూట కూలికి సరిపోయే ధర. అక్షరాస్యత ఉద్యమ కళాజాతాలు పాటలతో, వీధినాటికలతో ఊళ్లకు పోయాయి. రాత్రిబడి వాచకంలో సీతమ్మ కథ చదివి చర్చించుకున్న ఆడవాళ్లు సారా అంగళ్ల మీదికి కదిలారు. ఆ జిల్లాలోని దూబగుంట ఊరి పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ విజయం పాట ఒక్కదానిదే అనడం లేదు. అయితే పాట లేకుండా ఆ ఊరేగింపులను ఊహించలేం.

1991 ఆర్థిక సంస్కరణల తర్వాత పల్లెలోకి దిగిన కొత్త సరుకుల కాలానికి గోరటి వెంకన్న 'పల్లె కన్నీరు పెడుతుందో' కట్టారు. 2002లో 'కుబుసం' సినిమాతో అది ఇంటింటికీ చేరింది. అందులో కుమ్మరి వామి, కమ్మరి కొలిమి, వడ్రంగి బాడిసె, సాలెల మగ్గం వరుసగా వస్తాయి. అదే పాటలో బుస్సుమని పొంగే సీసా పానీయమూ వస్తుంది. పనిముట్టు మూలపడటం, సీసా రావడం ఒకే పాటలో కలిసి వినిపించడమే అక్కడి విమర్శ. సీసాలోది మంచిదా చెడ్డదా అన్న వాదన కాదది. కుండ చేసే మనిషి ప్లాస్టిక్ బిందె కొనే గిరాకీగా ఎట్లా మారాడని అడగడం.

ఇతర చోట్లా పాట ఇదే పని చేసింది. కొడైకెనాల్‌లో సబ్బులమ్మే హిందుస్థాన్ యూనిలీవర్ కంపెనీ థర్మామీటర్ల కర్మాగారం 2001లో మూతపడింది. పాదరసం బారిన పడిన కార్మికులు ఏళ్లకేళ్లు పోరాడారు. 2015లో వాళ్ల పక్షాన ఒక ర్యాప్ పాట వచ్చి దేశమంతా వినబడింది. 2016 మార్చిలో 591 మంది మాజీ కార్మికులతో కంపెనీ ఒప్పందానికి వచ్చింది. ఇంట్లో వాడే సబ్బు పేరు, కర్మాగారం పేరు పక్కపక్కన వినబడితే కొనేవాడు ఒక్క క్షణం ఆగుతాడు. ఆ ఆగడం కోసమే మేము పాట కడతాం.

ఇక మీరు చేస్తున్న కోత సంగతి. కాస్త లెక్క వేసి చూపిస్తాం, ఎందుకంటే నష్టమంతా ఈ లెక్కలోనే ఉంది.

నిమిషానికి 96 దెబ్బల నడకలో, ఎనిమిది దెబ్బల పాదం పాడటానికి 5 సెకన్లు పడుతుంది. చరణానికి నాలుగు పాదాలు. ప్రతి పాదాన్నీ వంతవాళ్లు తిరిగి అంటారు కాబట్టి 40 సెకన్లు. మళ్లీ పల్లవి ఎత్తుకుని దించడానికి 20. అంటే చరణానికి ఒక నిమిషం. ఆరు చరణాల పాట, మొదట తాళం లేకుండా తీసే రాగంతో కలిపి సుమారు ఏడు నిమిషాలు నడుస్తుంది. మీరు అడిగేది మూడు నిమిషాల పాట. అందులో పట్టేవి రెండు చరణాలు. ఏ రెండు? ఎప్పుడూ మొదటి రెండే.

మా పాటల అల్లిక తెలిసినవారికి ప్రమాదం ఇక్కడే కనబడుతుంది. మొదటి చరణాల్లో చెరువు, చెట్టు, అమ్మ, పండుగ ఉంటాయి. వినేవాణ్ని దగ్గరికి పిలిచే చరణాలవి. మూడోదాని నుంచి లెక్క మొదలవుతుంది: ఏ సరుకు వచ్చింది, ఎంతకు వచ్చింది, దాని కోసం ఎవరి దగ్గర అప్పు పుట్టింది, దానివల్ల ఎవరి పని పోయింది. ఐదో చరణంలో లాభం ఎవరికి చేరిందో చెబుతాం. ఆరోదానిలో ఏం చేయాలో చెబుతాం. రెండో చరణం దగ్గర కత్తెర వేస్తే మిగిలేది ఊరి మీద బెంగ మాత్రమే. బెంగను ఎవరైనా అమ్ముకోవచ్చు: స్థలాల వ్యాపారి అమ్ముకుంటాడు, పచ్చళ్ల కంపెనీ అమ్ముకుంటుంది, శీతల పానీయమూ అమ్ముకుంటుంది. పాట ఎవరి మీద కట్టామో వాళ్ల ప్రకటనకే అది నేపథ్యంగా సరిపోతుంది. ప్రకటనవాళ్లకు మా బాణీలు నచ్చడానికి ఈ కోతే దారి వేసింది.

వేగం పెంచడం రెండో దెబ్బ. డీజే మిక్స్ కోసం నడకను 128కి లాగితే 5 సెకన్ల పాదం 3.75 సెకన్లకు వస్తుంది. 'వడ్డీ', 'కుదువ', 'బాకీ' వంటి ఒత్తు మాటలు, అచ్చు బలంగా పలకాల్సిన మాటలు అక్కడ నలిగిపోతాయి. కింద బేస్ పెంచితే అసలే వినబడవు. నిడివి కోసం వంతను తీసేయడం మూడోది. మమ్మల్ని అడిగితే అన్నిటికంటే పెద్ద నష్టం అదే. వంత అలంకారం కాదు. ముఖ్యగాయకుడు అన్న మాట ఒకసారి చెవిన పడుతుంది, వంతతో రెండోసారి పడుతుంది. మూడోసారికి ముందు వరుసలో కూర్చున్నవాళ్లు అందుకుంటారు. ఆ ఐదు సెకన్లలోనే ముఖ్యగాయకుడు తర్వాతి పాదంలో ఆ ఊరి సంతలోని ధర, ఆ ఊరి అంగట్లోని సరుకు పేరు అమర్చుకుంటాడు. వంత లేకపోతే పాట ఊరూరికీ మారదు. మారకపోతే అందులోని ధర పాతబడి, పాట జ్ఞాపకాల్లోకి పోతుంది.

పిచ్ సరిచేసే సాఫ్ట్‌వేర్ గురించి ఒక్క మాట. రాగం తీసేటప్పుడు గొంతు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతూ పోతుంది. సాఫ్ట్‌వేర్ ఆ జారుడును తప్పు కింద లెక్కగట్టి మెట్లుగా కోస్తుంది. మా పాటలకు దాన్ని వాడకండి.

దీనివల్ల మామూలు జనానికి జరుగుతున్నది:

1. సరుకుల గురించి, అప్పుల గురించి ప్రకటన కానిది ఏదైనా తమ సొంత యాసలో వినే దారి తగ్గిపోతోంది. ఒకప్పుడు సారా ప్యాకెట్ ఎట్లా వచ్చిందో, ఈనాడు లోన్ యాప్ అట్లాగే వచ్చింది: చిన్న మొత్తం, చేతిలోనే దొరకడం, ఆ పూటకే సరిపోవడం. దాని మీద పాటలు కట్టేవాళ్లు ఉన్నారు. కానీ 'మూడో చరణం తీసేస్తేనే విడుదల' అంటే ఆ పాట కూలి తల్లి ఫోను దాకా రాదు. ఆమె ఫోనుకు లోన్ యాప్ ప్రకటన మాత్రం వస్తుంది.

2. పాట కట్టిన మనిషి చనిపోతే ఇంటివాళ్లకు ఏమీ అందడం లేదు. రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు హక్కు ఉంటుందని కాపీరైట్ చట్టం చెబుతోంది. మీ వీడియో కింద మాత్రం 'జానపదం' అని ఉంటుంది. కట్టినవారు తెలిసిన పాటకు జానపదం అని పేరు పెట్టడమంటే ఒక కుటుంబం నోటికాడి కూడు లాక్కోవడమే. గరిమెళ్ల 1952లో కన్నుమూశారు కాబట్టి 2012 చివరితో ఆయన రచనల హక్కు తీరిపోయింది. ఇప్పుడు అవి అందరివీ. తర్వాతి తరం వాళ్ల పాటలు అట్లా కావు.

3. అందరివైన బాణీలకు కొత్తగా యజమానులు పుట్టుకొస్తున్నారు. ఉయ్యాల నడక, సువ్వి, ఒగ్గు దరువు, జముకుల పాట ఎవరి సొత్తూ కాదు. వాటి మీద మీరు చేసిన రికార్డింగును కంటెంట్ ఐడీలో, అంటే ఎవరి పాట ఎక్కడ వాడారో పట్టే యూట్యూబ్ యంత్రంలో పెడతారు. ఆ యంత్రం రికార్డింగునే కాదు, కొన్నిసార్లు బాణీనీ పోల్చుతుంది. దాంతో కాలేజీ పిల్ల తన గొంతుతో, తన మాటలతో అదే బాణీలో పాడినా, అది మీ సొత్తని క్లెయిమ్ వచ్చి పడుతుంది. అభ్యంతరం పెడితే జవాబివ్వడానికి మీకు 30 రోజుల గడువుంటుంది. సమ్మె కోసమో ధర్నా కోసమో కట్టిన పాటకు ఆ నెల గడిచాక విలువేముంది? ప్రత్యేక హక్కు లేనిదాన్ని, అందరి సొత్తయినదాన్ని అక్కడ నమోదు చేయకూడదని యూట్యూబ్ నియమాలే చెబుతున్నాయి.

4. తోలు డప్పు చేసేవారి పని పోతోంది. ఫైబర్ డప్పు వాన తేమకు కుంగదు, మంట అడగదు, వేదిక వాళ్లకు సులువు. కానీ దాని శబ్దం ఎక్కడ కొట్టినా ఒకే తీరు. తోలు డప్పు మీద సిర్రతో నడిమికి కొట్టిన దెబ్బ వేరు, సిటికెన పుల్లతో అంచున వేసిన దెబ్బ వేరు. ఆ రెండింటి తేడా మీదే దరువులన్నీ నిలబడ్డాయి. చేతివృత్తులు పోతున్నాయని పాడే వేదిక మీద చేతివృత్తి లేకపోవడం మాకు తీరని బాధ.

5. పిల్లలు కోసిన పాటనే అసలు పాట అనుకుంటున్నారు. బడి వార్షికోత్సవంలో రెండు చరణాలు పాడి చప్పట్లు కొట్టించుకుని దిగుతున్నారు.

చట్టం ఏం చెబుతోందో మీ న్యాయవాదులకు తెలుసు. మా వాళ్లలో చాలామందికి తెలియదు, వాళ్ల కోసమూ ఇక్కడ రాస్తున్నాం. కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం హక్కులు అమ్మేసినా సరే, పాట తనదని చెప్పుకునే హక్కు, తన గౌరవానికి భంగం కలిగేలా పాటను వికృతం చేస్తే అడ్డుకునే హక్కు రచయితకు ఉంటాయి. ఆయన తర్వాత వారసులు వాటి కోసం నిలబడవచ్చు. 2012 సవరణతో వచ్చిన 38బి సెక్షన్ అట్లాంటి రక్షణనే పాడినవారికి ఇచ్చింది. 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లకే. ఎక్కడో రాయకపోతే భారతదేశం వరకే. తీసుకున్న హక్కును ఏడాదిలోపు వాడకపోతే, ఒప్పందంలో వేరే మాట లేనప్పుడు, అది జారిపోతుంది. 18వ సెక్షన్‌లో చేర్చిన మాట ఇంకా ముఖ్యం: ఒప్పందం నాటికి లేని మాధ్యమానికి, దాని పేరు ప్రత్యేకంగా రాస్తే తప్ప, ఆ బదిలీ వర్తించదు. క్యాసెట్ల కాలపు కాగితాలకు ఈ సవరణ ఎంతవరకు అన్వయిస్తుందన్నది వాదించుకోదగిన విషయమే. కానీ యూట్యూబ్ పుట్టకముందు పెట్టించుకున్న సంతకాన్ని చూపించి యూట్యూబ్ ఆదాయమంతా మీదేననడం ఏ న్యాయం?

మా డిమాండ్లు:

1. పేర్లు. వీడియో వివరణలో మొదటి వరుసల్లోనే పాట కట్టినవారు, బాణీ కూర్చినవారు, మొదట పాడిన బృందం, వంత, డప్పు పేర్లు రాయాలి. బాణీ సంప్రదాయానిదైతే ఏ రూపానిదో చెప్పాలి. రచయిత, స్వరకర్త గడులను విడివిడిగా నింపాలి. రికార్డింగుకు ఐఎస్ఆర్‌సీ, రచనకు ఐఎస్‌డబ్ల్యూసీ అనే అంతర్జాతీయ గుర్తింపు సంకేతాలు తీసుకోవాలి. ఈ రెండోది లేకనే చాలాచోట్ల రాయల్టీ రచయిత దాకా రాకుండా ఆగుతోంది.

2. పూర్తి పాట. కురచ వీడియోతో పాటే అదే రోజు పూర్తి పాటనూ విడుదల చేయాలి. చరణం తీయాలన్నా, మాట మార్చాలన్నా కట్టినవారి రాతపూర్వక సమ్మతి ఉండాలి. చనిపోయినవారైతే ఇంటివాళ్లది. కాపీరైట్ చట్టం 31సి కింద కవర్ వెర్షన్ (ఉన్న పాటను మళ్లీ పాడి రికార్డు చేయడం) చేసేవారు ఆ సెక్షన్‌ను మొత్తం చదవాలి: మొదటి రికార్డింగ్ జరిగిన సంవత్సరం ముగిశాక ఐదేళ్లు ఆగాలి, ముందుగా నోటీసు ఇవ్వాలి, పాటకు ఏడాదికి కనీసం 50,000 ప్రతుల రాయల్టీ కట్టాలి, సాంకేతికంగా తప్పనిసరి కాని మార్పు చేయకూడదు.

3. ప్రకటనలు. ఏ సరుకు ప్రకటనకైనా మా పాటను గానీ, దాన్ని గుర్తుపట్టగలిగేలా బాణీని గానీ వాడాలంటే ప్రతిసారీ విడిగా అనుమతి అడగాలి. మద్యం, శీతల పానీయాలు, పురుగుమందులు, లోన్ యాప్‌లు, బెట్టింగ్ యాప్‌లకు అడగనే వద్దు. మద్యం బ్రాండ్లు 'మ్యూజిక్ సీడీల' ముసుగులో చేసే ప్రచారాన్ని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జూన్ మార్గదర్శకాలు నిషేధించాయి. ఆ ముసుగుకు మా గొంతులు ఇవ్వం. పాటకు ముందు వచ్చే ప్రకటనల్లో కొన్ని రకాలను ఆపే వెసులుబాటు ఛానెల్ యజమానికి ఉంది. సారా వ్యతిరేక పాటలున్న ఛానెళ్లలో దాన్ని వెంటనే వాడండి.

4. ఒప్పందాలు తెలుగులో ఉండాలి. కాలం, ప్రాంతం, మాధ్యమం, రాయల్టీ శాతం, లెక్క చెప్పే తేదీలు అంకెల్లో ఉండాలి. సంతకం పెట్టిన రోజే ఒక ప్రతి కళాకారుల చేతికివ్వాలి. రాయల్టీలో సమాన వాటాను రచయిత వదులుకోవడం చట్టప్రకారం చెల్లదు. 'మొత్తానికి ఒకేసారి' అనే కాగితాలు ఇక తీయకండి.

5. సంప్రదాయ బాణీల మీద పెట్టిన కంటెంట్ ఐడీ నమోదులను ఉపసంహరించుకోవాలి. అప్పటిదాకా వచ్చిన ప్రతి అభ్యంతరాన్నీ మూడు రోజుల్లో మనిషి చెవితో విని తేల్చాలి.

6. అధికారులకు: పథకం ప్రచారానికి పాట కావాలంటే కొత్త పాట కట్టించుకోండి, నిరసన పాట మాటలు మార్చి వాడకండి. తోలు డప్పు బృందాన్ని పిలిచినప్పుడు వేదిక వెనక ఎండుగడ్డితో డప్పు కాచుకునే జాగా, పక్కన నీళ్ల బకెట్లు పెట్టించండి. తేమ రోజుల్లో కార్యక్రమం మధ్యలో మళ్లీ కాచాల్సి వస్తుంది, ఆ వ్యవధి పట్టికలో ఉంచండి. వంతకు విడిగా కనీసం రెండు మైకులు. పారితోషికం, దారి ఖర్చు అదే రోజు.

7. పాత క్యాసెట్లు. 1980లు, 90ల నాటి మూల టేపులు మీ గోదాముల్లో, కార్యకర్తల అటకల మీద బూజు పడుతున్నాయి. కోసిన పాటను సరిదిద్దడానికి మిగిలిన సాక్ష్యం అవే. నకలు తీసేముందు డెక్ హెడ్‌ను శుభ్రం చేసి, ప్రతి టేపుకూ అజిమత్ (టేపుకు హెడ్ ఆనే కోణం) విడిగా సరిచూడాలి. అది తప్పితే పైశబ్దాలు పోయి స, శ, చ అక్షరాలు ఒకటిగా వినిపిస్తాయి. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా తీయండి. ఆ మూల ఫైలు మీద గర తీసే ఫిల్టర్లు వేయకండి, వేయాలంటే నకలు మీద వేయండి. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాల్లో, ఒకటి వేరే ఊళ్లో. క్యాసెట్ పెట్టె మీది అట్టను కూడా స్కాన్ చేయండి. చాలా పాటలకు పేర్ల సాక్ష్యం ఆ అట్ట ఒక్కటే. ఈ ఖర్చు సాంస్కృతిక నిధుల నుంచి రావాలి, ప్రతులు విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో ఎవరైనా ఉచితంగా వినేలా ఉండాలి.

పాటతో ఎవరూ బతకొద్దని మేము అనడం లేదు. స్టూడియోకు అద్దె ఉంటుంది, ఎడిటింగ్ చేసే పిల్లలకు జీతాలు ఉంటాయి. లాభం వస్తే వాటా వేసుకుందాం. కానీ ధర మీద కట్టిన చరణాన్ని ధర కోసం తీసేయడాన్ని ఒప్పుకోం.

ఈ లేఖ అందిన 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి. మీతో కూర్చుని ఒక్కొక్క పాటా విని, ఏ చరణం ఎక్కడ పోయిందో చూపించడానికి సిద్ధంగా ఉన్నాం. జవాబు రాకపోతే, కోసిన ప్రతి పాటకూ పూర్తి సాహిత్యాన్ని కట్టినవారి పేరుతో అచ్చువేసి ఊళ్లలో ఉచితంగా పంచుతాం. 57వ సెక్షన్ కింద నోటీసులు పంపుతాం. మీ వీడియో కింద తీసేసిన చరణాలను మేమే పాడి పెడతాం.

ఇట్లు,
పాట కట్టేవాళ్లు, పాడేవాళ్లు, వంతవాళ్లు, డప్పు కళాకారులు